పొత్రం కింద పుస్తకం

మూడో పుస్తకానికి వెన్ను విరిగింది. నాలుగోదానికి అట్ట ఊడింది. ఐదోదాన్ని ఎవరింటి కుక్కో నమిలిపెట్టింది. దేదీప్య దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి, పంటి గాట్లు చూసి, "పెద్ద కుక్కే," అనుకుని పక్కన పెట్టింది. కుక్క నమిలినవాటికి చెయ్యగలిగిందేమీ ఉండదు. మిగతా నాలుగూ బతుకుతాయి.

అమెరికాలో, అట్లాంటా పక్కనున్న కమ్మింగ్‌లో ఒక పబ్లిక్ లైబ్రరీ, పిల్లల సెక్షన్ వెనక చిన్న గది. ఒక బల్ల, ఒక సింకు, కిటికీ అవతల స్టాఫ్ కార్లు. పదమూడో ఏట నుంచి దేదీప్య ప్రతి మంగళవారం, ప్రతి గురువారం ఇక్కడికి వస్తోంది. మెళ్లో వేలాడే బ్యాడ్జి మీద పేరు కింద ‘వాలంటీర్’ అని ఉంటుంది. ఈ ఏడున్నరేళ్లలో అందులో ఫొటో మూడుసార్లు మారింది, ఆ మాట మాత్రం మారలేదు. మనిషి పొట్టి, కాస్త బొద్దు. జుట్టు ముడేసి అందులో పెన్సిల్ గుచ్చుకుంటుంది. పల్చటి కాగితం చిరక్కుండా గోళ్లు మొదలంటా కత్తిరించుకుంటుంది. కుడి చూపుడువేలు పక్కన కాయ కాసింది. ఆ వేలితో ఆమె ఎన్ని పుస్తకాల వెన్నులు నిమిరిందో ఎవరూ లెక్క పెట్టలేదు. ఈ ఊరి పిల్లలు పక్కలోకి తీసుకెళ్లి చదువుకునే బొమ్మల పుస్తకాల్లో చాలావాటిని నిలబెట్టింది ఆ వేలే.

ఈ గురువారం ఆఖరిది. శనివారం ఆమెకు ఇరవై ఒకటి నిండుతాయి.

నాన్న పద్మనాభం హెచ్‌వన్‌బీ మీద ఉద్యోగం చేస్తాడు. ఆ వీసా మీద పిల్లలు ఇరవై ఒకటి నిండేదాకానే ఉండొచ్చు. గ్రీన్‌కార్డ్ వరసలో ఆయన నిలబడి పదమూడేళ్లయింది, వంతు ఇంకా రాలేదు. నాలుగేళ్ల పిల్లగా గుంటూరు నుంచి వచ్చి, ఇక్కడే పాలపళ్లు రాల్చుకుని, స్కూల్లో రోజూ గుండెమీద చెయ్యేసుకుని ఇక్కడి జెండాకే ప్రమాణం చేసిన పిల్ల, శనివారం నుంచి ఇక్కడ ఉండకూడదట. ఏ తప్పూ చెయ్యలేదు. పుట్టినరోజు వచ్చింది, అంతే. ఇదేం చోద్యమమ్మా!

స్టూడెంట్ వీసాకి మారి ఇంకో రెండేళ్లు ఇక్కడే గడపొచ్చని లాయరు చెప్పాడు. "ఆ తర్వాత?" అంది దేదీప్య. ఆయన కాగితాలు సర్దుకున్నాడు. ఆమె డిగ్రీని మూడేళ్లలోనే ముగించి, కెనడాలో పాత పుస్తకాలను, కాగితాలను కాపాడే పని నేర్పే కాలేజీకి అప్లై చేసింది. పదహారుమందిని తీసుకున్నారు, అందులో ఆమె ఒకర్తి. ఈ సాయంత్రం ఏడున్నరకి టొరంటో ఫ్లైట్. మూడింటికి అమ్మా నాన్నా సూట్‌కేసులతో ఇక్కడికే వస్తారు.

"పుస్తకాలు అతికించడానికి కూడా కాలేజీ ఉంటుందా?" అన్నారు తెలిసిన ఆంటీలు. ఉంటుంది మరి. అందరూ కోడింగే చేస్తే, చిరిగిపోయినవన్నీ ఎవరు చూస్తారు?

అసలు ఈ పని మొదలైంది అన్నం మెతుకులతో. మొదటి నెలలో, పదమూడేళ్ల దేదీప్య ఒక చిరిగిన పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్లింది. గుంటూరులో కవర్లు అంటించినట్టే అమ్మ ఉమ నాలుగు మెతుకులు నలిపి పేజీ అంటించి ఇచ్చింది. పది రోజుల్లో ఆ పేజీకి బూజు పట్టింది, చీమలు కూడా వచ్చాయి. పిల్లల సెక్షన్ చూసే మిసెస్ హాలోవే, తెల్లజుట్టావిడ, పుస్తకం పట్టుకుని వచ్చింది. తిడుతుందనుకుంటే నవ్వింది. నీ ఆలోచన తప్పు కాదు, వండిన అన్నమే తప్పు అంది. గొప్ప గొప్ప మ్యూజియంలలో కూడా గంజిపిండితోనే అంటిస్తారంది. ఆ మధ్యాహ్నమే చిన్న గిన్నెలో పిండి కాచి, ఉండ కట్టకుండా జల్లెడ పట్టడం నేర్పింది.

బరువు పెట్టడానికి ఏదైనా కావాలంటే దేదీప్య ఇంట్లోంచి పొత్రం తెచ్చింది. గుంటూరు నుంచి ఉమ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, ఎయిర్‌పోర్టులో ఇద్దరు ఆఫీసర్లకి చట్నీ అంటే ఏమిటో చెప్పి మరీ తెచ్చుకున్న నల్లరాయి అది. అప్పటినుంచి ఇంట్లో రోలు ఒంటరిదైపోయింది. "నా పొత్రం ఎప్పుడు తెస్తావే?" అని ఉమ ఏడున్నరేళ్లుగా అడుగుతోంది. ఈ ఉదయం గుమ్మంలో నిలబడి, "ఇవాళైనా తెస్తావా, కెనడాకి కూడా పట్టుకెళ్తావా?" అంది.

"తెస్తానమ్మా. ప్రామిస్."

పదిహేడో ఏట మిసెస్ హాలోవే ఆమెకు జీతమిచ్చే ఉద్యోగం ఇస్తానంది. దేదీప్య మూడు రోజులు ఆవిడ కంట పడకుండా తిరిగింది. నాలుగో రోజు, నాన్న వీసా మీద ఉన్న తనకి జీతం తీసుకునే పర్మిషన్ లేదని చెప్పింది. ఆవిడ ముందు జోకనుకుంది. తర్వాత బయటికెళ్లి పది నిమిషాలు కార్లో కూర్చుని వచ్చి, పిండి గిన్నె దేదీప్య ముందు పెట్టింది. స్నేహితురాళ్లంతా ఐస్‌క్రీమ్ షాపుల్లో పనిచేసి ఫోన్లు కొనుక్కున్న ఆ వేసవిలో దేదీప్య వెన్నులు కుట్టడం నేర్చుకుంది.

పన్నెండున్నరకి తలుపు కొట్టిన చప్పుడు. ఆరేళ్ల ఇషా, వెనకాల వాళ్లమ్మమ్మ. పిల్ల ఒక పుస్తకాన్ని గుండెకి అదుముకుంది.

"అక్కా, నేను బుక్ చింపాను. యాక్సిడెంట్. నా కార్డ్ తీసేస్తారా?"

"నీ కార్డ్ ఎవరూ తియ్యరు. ఇటివ్వు."

"అమ్మమ్మ ఫిక్స్ చేసింది. కానీ డ్రాగన్ రావట్లేదు."

రెండు పేజీలు ఒకదానికొకటి గట్టిగా అంటుకుపోయాయి. అంచున తెల్లగా ఎండిన గింజలు. అమ్మమ్మ పమిట సర్దుకుని, "ఇంట్లో జిగురు కనపడలేదు తల్లీ, నాలుగు మెతుకులు పెట్టా. నా చేత్తో ఇంకాస్త పాడుచేశాను," అంది.

దేదీప్య పకపకా నవ్వింది. పొద్దుటినుంచి మొదటిసారి. "నేను కూడా సేమ్ చేశాను అమ్మమ్మగారూ! ఫస్ట్ బుక్. చీమలొచ్చాయి."

నవ్వు ఆగేసరికి కళ్లు చెమర్చాయి. వేరే రోజైతే, మంగళవారం చూస్తానని ట్రేలో పెట్టేసేది. ఇప్పుడు తనకి మంగళవారం లేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

తడిపిన అద్దుడు కాగితం పేజీల మీద పరిచి, పావుగంట ఆగి, పల్చటి చాకు మొన దూర్చింది. మెతుకు మెత్తబడింది. వెంట్రుకవాసి జరిపి ఆగింది, మళ్లీ జరిపింది. ఇషా బల్ల అంచున గడ్డం ఆనించి ఊపిరి బిగబట్టింది. ముందు డ్రాగన్ ముక్కు బయటపడింది, తర్వాత రెక్క. తోక చివర కాస్త పోయింది. దేదీప్య చిరుగు మీద సన్నటి కాగితం పట్టీ అంటించి, వేలితో నిమిరి, రెండు వైపులా మైనం కాగితం పెట్టి, పుస్తకం మూసి, పైన చెక్క పెట్టింది. చెక్క మీద పొత్రం.

"రేపు పదింటిదాకా దీన్ని కదపకూడదు."

"నువ్వే ఇస్తావా?"

"మిసెస్ హాలోవే ఇస్తారు. నేను వేరే స్కూల్‌కి వెళ్తున్నా."

"ఫారా?"

"ఫారే, బాగా దూరం."

ఇషా తలెత్తి, "అక్కడ కూడా బుక్స్ చింపుతారా?" అంది.

"బాగా చింపుతారట. అందుకే పిలిచారు."

మూడింటికి బల్ల తుడిచి, గిన్నె కడిగి బోర్లించింది. పొత్రం మీద చెయ్యి వేసింది. అమ్మకి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. బరువు తీస్తే పేజీ ముడుచుకుంటుంది. చెయ్యి తీసేసుకుంది. మిసెస్ హాలోవే తలుపు దగ్గర నిలబడి ఉంది. కాగితం మడతలు నొక్కడానికి ముప్ఫై ఏళ్లుగా వాడుతున్న ఎముక పట్టీని ఎప్రాన్ జేబులోంచి తీసి దేదీప్య జేబులో పెట్టింది. ఎవరు నేర్పారని అక్కడ అడిగితే నా పేరు చెప్పమంది. మా అమ్మ పేరు కూడా చెప్తానంది దేదీప్య. ఇద్దరూ చాలాసేపు ఒకరినొకరు వదల్లేదు.

కారెక్కగానే ఉమ ఖాళీ చేతుల వంక చూసింది.

"పొత్రమేదే?"

"దాని కింద బుక్ ఉందమ్మా. రేపటిదాకా తియ్యకూడదు. ఒక పాప బుక్. మెతుకులు పెట్టి అంటించారు."

ఉమ సీటులో పూర్తిగా వెనక్కి తిరిగింది. "మెతుకులా?" అంది. అంతే, నవ్వొచ్చేసింది ఆవిడకి, ఆ నవ్వులోంచే ఏడుపూ వచ్చింది. చున్నీతో మొహం తుడుచుకుని, "పోనీలే. అక్కడే ఉండనీ. పచ్చడికి మిక్సీ ఉందిగా. మా పిల్ల చేతిపని నిలబెట్టే రాయి నాకెందుకు ఇంట్లో?" అంది.

హైవే ఎక్కాక పద్మనాభం అద్దంలోంచి కూతుర్ని చూశాడు. "క్యూ దాటించలేకపోయాను తల్లీ. సారీ రా."

"నాన్నా, సారీ ఏంటి? నువ్వు తీసుకొచ్చావు కాబట్టే నాకు ఈ పని దొరికింది. పదహారుమందిలో ఒకదాన్ని నేను. ఆ మాట ఆఫీసులో అందరికీ చెప్పు."

"చెప్పాను. సెక్యూరిటీ గార్డ్‌కి కూడా చెప్పాను," అన్నాడాయన.

అట్లాంటా ఎయిర్‌పోర్టులో దేదీప్య చెప్పులు విప్పి ట్రేలో పెట్టి, ఎముక పట్టీ ఏమిటో ఆఫీసరుకి ఓపిగ్గా వివరించి, వెనక్కి తిరిగి చెయ్యూపి, జనంలో కలిసిపోయింది. పదిహేడేళ్లు ఉన్న దేశం నుంచి వెళ్లడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

మర్నాడు పదింటికి ఇషా వచ్చింది. పేజీ తెరిచింది. డ్రాగన్ రెక్కలు విప్పింది. చిరుగెక్కడో వెతికి, దొరక్క, వాళ్లమ్మమ్మకి చూపించింది. మిసెస్ హాలోవే పొత్రాన్ని తడిగుడ్డతో తుడిచి, మళ్లీ చెక్క మీదే పెట్టింది. ఎంత తుడిచినా, నల్లటి రాతి అడుగున గుంటూరు పసుపు మరక అలాగే ఉంది.