చుక్క ముట్టని బండి

నేను ఒక పాత కారు ఇంజన్‌లోకి దిగి, ఆయిల్ ఎంతుందో చెప్పే ఉక్కు పుల్లను. గేజి అంటారు. ఒంటిమీద రెండు గీతలు, అంతకు మించి చదువు లేదు. నన్ను చేసినవాడు పరిమాణం నేర్పాడు, గుణం నేర్పలేదు. చాలాకాలం దీన్ని వినయమనుకున్నాను. అది సాకు.

నా మూడో యజమాని ఆనందభూషణం గారు కాకినాడ రేవులో నీటి లోతులు కొలిచి రిటైరైన మనిషి. కొలతంటే ఆయనకు గురి. డెబ్బై ఏళ్లనాటి ఆ కారును ఆరేళ్లు శ్రమపడి మళ్లీ రోడ్డెక్కించారు. రోజూ పొద్దున్నే నన్ను తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూసేవారు. ఆయిల్ పైగీత దగ్గరే ఉండేది. ఒక్కోరోజు దాటేది కూడా.

పాత ఇంజన్లు ఆయిల్ తాగుతాయి. "మా బండి మాత్రం చుక్క ముట్టదయ్యా," అని ఆయన అందరికీ చెప్పేవారు. ఆ గర్వంలో నాకూ వాటా ఉండేది.

రాజమండ్రిలో పాత కార్ల ప్రదర్శనకు బయలుదేరే ముందురోజు కార్లు బాగుచేసే సిలార్ మిస్త్రీ వచ్చి నన్ను బయటికి తీశాడు.

"తగ్గలేదంటే సరేనండి, పెరగడమేంటండి? ఓ చుక్క కాగితమ్మీదేసి చూద్దాం."

"గీత చూడవయ్యా సిలారూ. సముద్రం లోతు కొలిచినవాణ్ణి, ఈ గిన్నెడు ఆయిల్ నాకు తెలీదా?"

పెద్దాయన మాట కాదనలేక మిస్త్రీ నన్ను గుడ్డతో తుడిచేశాడు. నా ఒంటినున్న పెట్రోలు వాసన ఆ గుడ్డతో పోయింది. పోయినందుకు నేను ఊపిరి పీల్చుకున్నాను. నా సిగ్గంతా ఆ క్షణానిదే.

మర్నాడు ద్వారపూడి దాటాక ఇంజన్ టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. లోపలి బేరింగులు అరిగిపోయాయి, అలాంటివి ఇక ఎక్కడా దొరకవు. కబురందుకుని వచ్చిన సిలార్, అద్దుడు కాగితంమీద నా కొసనుంచి ఒక చుక్క రాల్చాడు. నల్లని మచ్చ చుట్టూ పలచని వలయం చాలా దూరం పాకింది. ఇంజన్‌కు పెట్రోలు అందించే పంపులో పొర చిరిగి, పెట్రోలు ఆయిల్‌లోకి దిగుతోంది. మట్టం తగ్గకపోవడానికి, పలచబడ్డ ఆయిల్‌లో బేరింగులు అరిగిపోవడానికి కారణం అదే.

"ముట్టకపోవడం కాదండి," అన్నాడు సిలార్ మెల్లగా. "పెట్రోలు కలుపుకుని తాగుతోంది."

ఆనందభూషణం గారు కాసేపు ఆ కాగితాన్నే చూశారు. "నిన్న నువ్వడిగావు. నేనే చూడనివ్వలేదు," అన్నారు. ఆ మాట ఆయన అనగలిగారు. నాకు నోరు లేదనుకోవడం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు కారు షెడ్డులో ఉంది, ఇంజన్ ఖాళీ. అయినా ఆయన పొద్దున్నే నన్ను తీస్తారు. గీతల వైపు చూడరు. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడతారు.

నా దగ్గర ఇప్పుడు ఏ వాసనా లేదు.