దించినవాడే ఎక్కించాలి

భర్త ఫోను పెట్టేసి నోరంతా తెరుచుకుని నవ్వుతుంటే ఆమెకిక ఏమీ అడగక్కర్లేకపోయింది.

"ఉద్యోగం నాకే! రేపు తొమ్మిదింటికల్లా ఉండాలట. లేకపోతే తర్వాతివాణ్ణి పిలుస్తారట."

పెళ్లయినప్పట్నుంచీ ఆమె తండ్రి మెకానిక్ షెడ్డు వెనక గదిలోనే వాళ్ల కాపురం. గోడకు అవతల ఆయన దగ్గితే ఇవతల వీళ్లు నవ్వు మింగేసేవారు. కంపెనీవాళ్లు ఇల్లు కూడా ఇస్తారు. వంటగదికి కిటికీ ఉందట! ఆ కిటికీలో ఏ కుండీ పెట్టాలో ఆమె అప్పుడే పైకి చెప్పేసుకుంటుంటే తండ్రి వచ్చాడు.

"శుభం అల్లుడూ. పోయేముందు ఆ పికప్పు గేరుబాక్సు దించి పెట్టు. గేరు పడట్లేదంటున్నాడు బండివాడు," అన్నాడు తండ్రి.

భర్త నసిగాడు. "దించినవాడే ఎక్కించాలి కదా మామయ్యా? మన షెడ్డు కట్టుబాటు..."

"ఇంట్లోవాళ్లకి కట్టుబాటేమిట్రా! ఎక్కించేది నేను."

"దించేస్తారులే నాన్నా, నేనూ సాయం చేస్తా," అని ఆమే ఒప్పేసుకుంది.

బండిని పైకి లేపి ఇద్దరూ కిందికి దూరారు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కాబట్టి ముందుకొక షాఫ్టు, వెనక్కొక షాఫ్టు. రెండూ విప్పాక ఆయిలు చుక్క అతని ముక్కుమీద పడింది. ఆమె పగలబడి నవ్వి చీర కొంగుతోనే తుడిచింది.

"ఇదిగో చూడు, గేరు కేబుల్ ముందే ఊడి ఉంది," అన్నాడతను.

"నాన్నే ఊడదీసి పెట్టుంటారు, మీకు శ్రమ తగ్గుతుందని." ఆమెకు కళ్లు చెమర్చాయి.

అతను ఇంజన్ని కొంచెం కొంచెం తిప్పుతూ దాన్ని బాక్సుతో కలిపే కన్వర్టర్ బోల్టులు ఒక్కొక్కటే విప్పాడు. బాక్సును జాకీమీద గొలుసుతో బిగించి వెనక్కి లాగాడు. పసిపిల్లాణ్ణి ఉయ్యాల్లోంచి తీసినట్టు దించాడు. ఆమె చప్పట్లు కొట్టింది.

తండ్రి తీరిగ్గా వచ్చాడు. చొక్కా జేబులోంచి వేలి గోరంత ప్లాస్టిక్ బుష్షు తీసి చూపించాడు. "కేబుల్ కొసకుండే బుష్షు అరిగి ఊడింది, అంతే. బాక్సు బంగారంలా ఉంది. ఇదిగో కొత్తది, పొద్దున కొనుక్కొచ్చా."

"మరి దించమన్నారెందుకు?" అడిగాడు భర్త.

"దించావుగా. ఇక ఎక్కించు."

"మీరు ఎక్కిస్తానన్నారు!"

"అన్నాను. నడుం పట్టేసింది. వదిలేసి పోతావా, పో. నీ కొత్త కంపెనీ ఫోర్‌మన్ నా చేతికింద పెరిగినవాడే. దించిన బాక్సు నేలమీద వదిలేసి వచ్చావని తెలిస్తే గేటు కూడా తియ్యడు."

"ఇప్పుడే ఎక్కించేద్దాం, పదండి!" ఆమె భర్త చెయ్యి పట్టి లాగింది. "ఇంకా పొద్దుంది."

తండ్రి వంగాడు. పట్టేసిన నడుం బాగానే వంగింది. స్క్రూడ్రైవరుతో బాక్సు మూతి దగ్గరి రబ్బరు సీలును ఒక్క పెల్లగింపు పెల్లగించాడు. అది చీలి ఆమె కాళ్ల దగ్గర పడింది.

"దించాక పాత సీలుతో ఎక్కిస్తామా ఎక్కడైనా? ఆయిలు కారదూ? ఇవాళ కొట్టు ఒంటిపూటే, మూసేశారు. కొత్తది కావాలంటే రేపు పదిగంటలకి కొట్టు తియ్యాలి."

"నేను నీ కూతుర్ని నాన్నా..."

"అందుకేనమ్మా. పరాయివాడైతే పోనీ అనేవాణ్ణి. మీరు పోతే ఈ షెడ్డులో నేనొక్కణ్ణీ గోడలతో మాట్లాడుకోవాలా?"

భర్త ఆమెవైపు చూడలేదు. కిందికి వంగి, ఏ బోల్టు ఎక్కడిదో కలిసిపోకుండా డబ్బా మూతల్లోకి ఏరుతున్నాడు. రేపు ఎక్కించబోయేవాడు మాత్రమే అలా ఏరతాడని షెడ్డులో పుట్టి పెరిగిన ఆమెకు తెలుసు.

తండ్రి అల్లుడి భుజం తట్టాడు.

"రేపు సీలు రాగానే మొదలెట్టు. నేను తాపీమేస్త్రీని కూడా రమ్మంటా. అమ్మాయి కిటికీ కిటికీ అని ముచ్చటపడుతోంది కదా, మీ గది గోడకే ఒకటి కొట్టిద్దాం."