బాపు నేర్పిన మడత

కాగితం మడవడం ఓ పనా, వంచి గోటితో గీత గీస్తే సరి, అనుకుంటారు చాలామంది. పెళ్ళి పత్రికకు ఒక్క మడత. కరపత్రానికి రెండు మడతలు, మూడు భాగాలు. మందుల కంపెనీవాళ్ళు పంపే కాగితమైతే విసనకర్రలాగా ముడుచుకుంటూ విచ్చుకుంటూ పోవాలి. అబిడ్స్ వెనక సందులో ఉన్న వెంకటేశం ప్రెస్సులో ఇవన్నీ సౌభాగ్య చేతుల మీదుగానే బయటికి పోయేవి. ఎండాకాలమైనా ఆమె కూర్చున్న గదిలో ఫ్యాను తిప్పడానికి లేదు, కాగితాలు ఎగిరిపోతాయి. అందుకని చెమట తుడుచుకోవడం, మడవడం, వెదురుబద్దతో నొక్కడం, మళ్ళీ చెమట తుడుచుకోవడం. ఏళ్ళ తరబడి అదే.

ఆంధ్రా, తెలంగాణా ఒక్కటైన కొత్త రోజులవి. తెనాలి నుంచి వచ్చిన మల్లేశ్వరరావు సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం పెడుతున్నాడు. ఉగాదికి ప్రారంభం. ఊరందరికీ టపాలో తెలుగు కరపత్రం పంపాలని ఆయన ముచ్చట. దుకాణం గుమాస్తా అడ్రసులన్నీ ముందే రాసి పంపించాడు. ఇక మడతలే మిగిలాయి. పండగ లోపల ఇళ్ళకు చేరాలంటే ఈ సాయంత్రం టపాలో పడి తీరాలి.

సౌభాగ్యకు మాత్రం మధ్యాహ్నానికే పని తెమిలిపోవాలి. ఆమె చెల్లెలు వసుమతి షోలాపూర్ నుంచి వచ్చి వారమైంది. అమ్మ పోయాక ఒళ్ళో వేసుకుని పెంచిన చెల్లెలు. వచ్చిన వారమంతా ప్రెస్సులో పండగ పనుల ఒత్తిడే. సౌభాగ్య వెళ్ళేసరికి చెల్లెలు నిద్రలో ఉండేది, తిరిగి వచ్చేసరికి మళ్ళీ నిద్రలోనే. నిండుగా ఓ మాట మాట్లాడుకున్నది లేదు. ఈ సాయంత్రం బండికి వసుమతి వెళ్ళిపోతోంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో ఆ దేవుడికి తెలియాలి. "నాంపల్లి టేషన్‌కు ముందుగనే వస్త. బండి కదిలేదాక పక్కన్నే కూసుంట," అని సౌభాగ్య చీకటితోనే, సగం నిద్రలో ఉన్న చెల్లెలి దుప్పటి సర్దుతూ మాటిచ్చింది.

అందుకే తెల్లవారకముందే వచ్చి కూర్చుంది. మణికట్టు లాగుతున్నా ఆపలేదు. అడ్రసు ఉన్న పక్క పైకి ఉండేలా కట్టలు పేర్చుకుంటూ పోయింది. ఎండ నడినెత్తికొచ్చేసరికి ఆఖరి కట్ట కట్టి, కొంగు దులుపుకుని లేచింది.

సరిగ్గా అప్పుడే మల్లేశ్వరరావు వచ్చాడు. మనిషి మంచివాడే. ముచ్చటపడి కట్టలోంచి ఒక కాగితం లాగి అటు తిప్పాడు. తిప్పినవాడు అలాగే నిలబడిపోయాడు.

"వెంకటేశం గారూ, ఏవిటండీ ఇది? లక్ష్మీదేవి బొమ్మ ఏదండీ? మా దుకాణం పేరేదీ? పైన 'మళ్ళీ దయచేయండి' అని ఉందేవిటి? పిలవకముందే జనాన్ని సాగనంపేస్తున్నామా!"

వెంకటేశం పరుగెత్తుకొచ్చి ఇంకొకటి తీశాడు. అదీ అంతే. మరో కట్ట విప్పాడు. అన్నీ అంతే.

సౌభాగ్య ఒక కాగితం విప్పి చూసుకుంది. మళ్ళీ కూలబడింది. తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు. తెలుగు ఎడమ నుంచి కుడికి చదువుతాం. కాబట్టి కాగితం కుడి రెక్కను ముందు లోపలికి వేసి, ఎడమ రెక్క దాని మీద కప్పాలి. ఉర్దూ కుడి నుంచి చదువుతారు, దానికి ఎడమ రెక్క లోపలికి పోవాలి, కుడిది పైకి రావాలి. బాపు అంటే వాళ్ళ నాన్న వామన్‌రావు. నిజాం కాలంలో ఉర్దూ కాగితాలు మడిచి, పుస్తకాలు కుట్టి బతికినవాడు. అక్కాచెల్లెళ్ళకు పలక పట్టకముందే ఆ మడత నేర్పాడు. ఆ తర్వాత సౌభాగ్య మడిచిన కరపత్రాలన్నీ ఉర్దూవే. తెలుగులో ఒంటి మడత పత్రికలు వచ్చేవి గానీ వాటికి ఎటు మడిచినా తేడా లేదు. తెలుగులో మూడు భాగాల కరపత్రం రావడం ఇదే మొదలు. వెంకటేశం నమూనా చూపించాడు కూడా. చూసింది, ఊకొట్టింది, గూట్లో పెట్టింది. మనసేమో రైలుస్టేషన్‌లో కూర్చుంది, చేతులేమో బాపు చెప్పిన దారినే పోయాయి.

"గిన్నేండ్ల సంది చేస్తున్నవ్, గిదెట్ల జూస్కోలేదక్కా?" వెంకటేశం తల పట్టుకున్నాడు. "పోనీ, మడత గీతలు గవ్వే గదా. విప్పి, రెక్కలు మార్చి ఏస్తే సరిపోదా?"

"సరిపోదు తమ్మీ. లోపటికి పోయే రెక్క నువ్వుగింజంత చిన్నగ ఉండాలె. లేకుంటే మడతకు తట్టి కాగితం ఉబ్బుతది. ఒక్కొక్కటి మళ్ళ నొక్కాలె."

"పోస్టాఫీసు మూసే లోపల అయితదా?"

సౌభాగ్య కొంగు నడుముకు బిగించి మొదటి కట్ట విప్పింది. మూలిగే నక్క మీద తాటిపండంటే ఇదే కాబోలు. మల్లేశ్వరరావు తానూ కూర్చుని రెండు మడిచాడు గానీ అవి ఆవకాయ జాడీ మూతకు కట్టిన గుడ్డల్లా వచ్చాయి. "రావుగారూ, మీరు జర అట్ట పట్టుకుని మాకు గాలి ఇసరుండ్రి, గదే పున్నెం," అన్నాడు వెంకటేశం. పాపం, ఆ పెద్దమనిషి కాగితాలు ఎగరకుండా, మనుషులకు మాత్రమే తగిలేలా విసరడం నేర్చుకుంటూ నిలబడ్డాడు.

ఎండ గోడ మీద నుంచి దిగింది. సౌభాగ్యకు వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. ఇక మాట దక్కేట్టు లేదు. స్టేషన్‌లో చెల్లెలు గేటు వంకే చూస్తూ కూర్చుంటుంది. బండి కూత వేస్తుంది. ఆ ముఖం తలుచుకుంటే కాగితం మీద గీత అలుక్కుపోయి కనబడింది.

సందులో రిక్షా గంట వినిపించింది. తల ఎత్తితే గుమ్మంలో వసుమతి. వెనక రిక్షాలో ట్రంకు పెట్టె, చుట్టిన పరుపు.

"ఏందే అక్కా గిది? టేషన్‌కు వస్తనంటివి, గీడ్నే కూసున్నవా?"

"ఏం జెప్పాలె... నాకే తెల్వలేదు వసూ. బాపు మడత ఏసిన. అంతా ఉల్టా అయింది."

వసుమతి కట్టల వంక చూసింది, అక్క చేతుల వంక చూసింది. చెప్పులు గుమ్మంలో విడిచి పక్కన చతికిలబడింది. "బండికి ఇంక జర టైముంది. గదేందో నాకూ ఇయ్యి."

చిన్నప్పటి చేయి. టకటకా మడుస్తూ పోయింది. ఆ వేగం చూసి మల్లేశ్వరరావు విసరడమే మరిచిపోయాడు. కాసేపయ్యాక సౌభాగ్య ఆమె పేర్చిన కుప్పలోంచి ఒకటి తిప్పి చూసి నెత్తి కొట్టుకుంది.

"ఓ పిచ్చిదానా! నువ్వు గూడ గట్లనే!"

వసుమతి చూసుకుంది. పైన 'మళ్ళీ దయచేయండి'. ఇద్దరికీ నవ్వు పట్టుకుంది. ఆపుకుందామంటే ఆగదు. నవ్వీ నవ్వీ సౌభాగ్యకు కళ్ళ నీళ్ళు కారాయి, అవి నవ్వు నీళ్ళో అలసట నీళ్ళో ఆమెకే తెలియలేదు.

"సచ్చి స్వర్గాన ఉండి గూడ బాపు మన చేతులు ఇడుస్తలేడే," అంది వసుమతి.

ఆ తర్వాత ఇద్దరూ "కుడిది లోపటికి, ఎడమది మీదికి" అని ఎక్కాలు అప్పజెప్పినట్టు అనుకుంటూ మడిచారు. మధ్యమధ్య వారమంతా దాచుకున్న మాటలు బయటికొచ్చాయి.

"నీ ఏళ్ళు జూస్తే భయమైతుందక్కా. నా దగ్గరికి షోలాపూర్ రారాదు?"

"వచ్చి ఏం జెయ్యాలె? గాడ మరాఠీ కాగితాలు మడవాల్నా?"

"మరాఠీ గూడ ఎడమ నుంచే సదువుతరు. నీకు గాడ గూడ అయ్యేటట్టు లేదు తియ్యి."

వెంకటేశం పోస్టు టికెట్లు అంటించి ఆఖరి కట్టకు పురికొస బిగించేసరికి పొద్దు వాలింది. "రిక్షా ఎట్లాగూ గా దిక్కే పోతది. కట్టలు గూడ ఏస్కోండ్రి. నాకు ప్రెస్సు ఇడిచే ఈలు లేదక్కా, నువ్వు పెద్ద పోస్టాఫీసు కాడ దిగి కిటికీల ఇచ్చిరా," అన్నాడు. మల్లేశ్వరరావు రిక్షా దాకా కట్టలు మోసి, "అమ్మా, ఉగాదికి మా దుకాణానికి మీరు తప్పక రావాలి," అన్నాడు. కరపత్రంలోలా కాక ఈసారి పిలుపే ముందు వచ్చిందని వసుమతి మూతి బిగించి నవ్వుకుంది.

కాళ్ళ కింద ట్రంకు, ఒళ్ళో కట్టలు. అక్కాచెల్లెళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు. వసుమతి అక్క చేయి తీసుకుని మణికట్టు నొక్కుతూ కూర్చుంది, అబిడ్స్ చౌరస్తా దాకా అలాగే.

పోస్టాఫీసు ముందు రిక్షా ఆగింది. లోపల కిటికీ దగ్గర బారెడు వరస. ఆ వరసలో నిలబడితే బండి దక్కదు. బండికి పోతే ఉగాది పిలుపు దక్కదు. సౌభాగ్య కట్టలు దింపుకుని చెల్లెలి వంక చూసింది.

"గీడ్నే అనుకో టేషన్," అంది వసుమతి. "కూసున్నం గదా పక్కపక్కన."

"ఔ, కూసున్నం. పో బిడ్డా, బండి ఆగదు."

రిక్షా నాంపల్లి వైపు మలుపు తిరిగేదాకా చూసి, ఆమె వరసలో నిలబడింది. కాళ్ళు మార్చి మార్చి నిలబడగా ఎప్పటికో కిటికీ వచ్చింది. గుమాస్తా కట్ట విప్పి, ముద్ర వేసినదల్లా తిప్పి పక్కన పెడుతూ ఒక దగ్గర ఆగాడు.

"ఏమ్మా, అన్నిటికీ దేవి బొమ్మ ఉన్నది. గిదొక్కటి ఉల్టా ఉన్నది, మడిచి ఇస్తవా?"

సౌభాగ్య దాన్ని చేతిలోకి తీసుకుంది. బాపు మడత. గీత సూటిగా, ఎక్కడా వంకర లేకుండా ఉంది. తనది కాదు, తను వెదురుబద్దతో నొక్కుతుంది. ఇది గోటితో నొక్కినది. వసుమతికి చిన్నప్పటి నుంచీ అదే అలవాటు.

"ఉండనీ నాయనా," అని వెనక్కి ఇచ్చేసింది. "అడ్రసు సరిగ్గనే ఉన్నది గదా. పోతది."

గుమాస్తా దాని మీద కూడా ముద్ర గుద్ది సంచిలో పడేశాడు. ఆమె పక్కకు జరిగి, మెట్ల మీద కాసేపు కూర్చుంది. ఇంటికి నడిచే ముందు కాళ్ళకు కొంచెం ఊపిరి కావాలి.