మూడు రంగుల బెంచీ

నేను ఒక శాంపిల్ బెంచీని. కూర్చోవడానికి కాదు, చూపించడానికి పుట్టాను. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ నాకు మనసు నిలకడగా లేదు. నాలుగు కాళ్లున్నా ఒక్కచోట కుదురుగా నిలబడే యోగం లేదు. నా మీద ఎవరైనా కూర్చునే యోగం అంతకన్నా లేదు. మా ఊరి పేరు మాత్రం అడక్కండి, కేసు ఇంకా నడుస్తోంది.

నన్ను చేసింది మోహనాచారి అనే వడ్రంగి. చేయించింది సింహాద్రి నాయుడు, బడులకు సామాన్లు సప్లయి చేసే కాంట్రాక్టరు. మంచి టేకు కర్ర తెచ్చి పడేసి, "ఆచారీ, ఈ ఒక్కటీ పెళ్లికూతురులాగుండాల" అన్నాడు.

"మరి మిగతావి ఏ కర్రతో సెయ్యమంటారండి?"

"మామిడి సెక్క. పచ్చిదైనా పర్లేదు. రంగేసేత్తే ఎవుడికి తెలుస్తాది?"

ఆచారి సరేనని తలూపాడు. ఆయన ఇంట్లోనూ పొయ్యి వెలగాలి కదా. నన్ను మాత్రం చేతికి గరుకు తగలకుండా చిత్రిక పట్టి, పాలిష్ పెట్టాడు. నన్ను చూసుకుని నేనే మురిసిపోయాను. పిల్లలొచ్చి నా మీద పడతారని, కాళ్లూపుతారని, దొంగతనంగా పేర్లు చెక్కుతారని కలలు కన్నాను. ఒట్టి వెర్రిదాన్ని.

బడికి ఏది కొనాలన్నా టెండరు పిలవాలి. మా జిల్లాలో పోటీకి కనీసం మూడు కంపెనీలైనా రావాలన్నారు. ప్రతి కంపెనీ తన శాంపిల్ తెచ్చి చూపించాలి. కమిటీ వాటిని చూసి, ధరలు చూసి, ఒకరిని ఖాయం చేస్తుంది. పద్ధతికి వంక పెట్టడానికి లేదు. మా నాయుడు కూడా పెట్టలేదు. తన పేర ఒక కంపెనీ, భార్య పేర ఒకటి, బామ్మర్ది పేర ఒకటి తెరిచి, పోటీకి లోటు రాకుండా చూసుకున్నాడు. ఆ ఇంట్లో మధ్యాహ్నం భోజనాల దగ్గర మూడు కంపెనీలూ ఒకే గిన్నెలో పప్పు వేసుకునేవి.

మూడు కంపెనీలకు మూడు బెంచీలుండాలి. అక్కడే నాయుడి పిసినారితనం అడ్డుపడింది. "మూడెందుకు? పిల్లలు కూకుంటారా ఏటి? సూపించడానికి ఒకటి సాలదా?" అన్నాడు.

శాంపిళ్లను హాల్లోకి ఒక్కొక్కటిగా పిలుస్తారు. అంచేత ముందు గుమ్మంలోంచి ఒక కంపెనీగా లోపలికి వెళ్లడం, వెనక గుమ్మంలోంచి బయటపడటం, వసారాలో బామ్మర్ది చేత రంగు పూయించుకోవడం, మళ్లీ ముందు గుమ్మంలోంచి ఇంకో కంపెనీగా వెళ్లడం, ఇదీ నా ఉద్యోగం. మొదట పాలిష్, తర్వాత చాక్లెట్ రంగు, ఆఖర్న ఆకుపచ్చ. గెలిచేదీ నేనే, ఓడేదీ నేనే. పని కాగానే ఆచారి ఆ రంగులు గీకేస్తాడు, నన్ను లారీలో పడేసి ఇంకో ఊరు తీసుకుపోతారు. నా వెనకాల ఆ ఊరి బడికి మామిడి చెక్క బెంచీలు వెళ్తాయి. పైన పటారం, లోన లొటారం. ఏ పిల్లాడు ఎక్కడ కింద పడ్డాడోనని నాకు ఒకటే గుబులు.

అలా తిరుగుతూ ఒక శ్రావణమాసంలో, ముసురు పట్టిన రోజున, జిల్లా ఆఫీసు హాల్లోకి వెళ్లాను. కమిటీలో ఆడపిల్లల హైస్కూలు హెడ్‌మాస్టరు ఇందుమతి మేడం ఉంది. అందరూ నన్ను దూరం నుంచే చూసి తలలూపితే, ఆవిడ లేచొచ్చి నా మీద కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక నా మీద కూర్చున్న మొదటి మనిషి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"బావుంది సార్," అంది కమిటీకి పెద్దయిన ఆఫీసరుతో. "మా బళ్లో గవరి అని ఒక పిల్లుంది. యాక్సిడెంటై మోకాలు వంగదు. నేల మీద కాలు చాపుకు కూర్చుంటే అందరూ తట్టుకుని పడుతున్నారు. నా కుర్చీ ఇస్తే సిగ్గుపడి కూర్చోదు. ఈ ఏడు కూడా బెంచీలు రాకపోతే బడి మానేస్తానంటోంది."

చాక్లెట్ రంగులో వెళ్లినప్పుడు ఆవిడ ఏదో కాగితం చూసుకుంటోంది, బతికిపోయాం. ఆకుపచ్చ రంగులో వెళ్లేసరికి మళ్లీ లేచొచ్చింది. ముసురుకి రంగేమో ఆరి చావలేదు. నాయుడు "కూర్చోకండి" అనబోయాడు. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తోచక నోరు మూసుకున్నాడు. ఆవిడ కూర్చుంది, లేచింది. తెల్ల చీర మీద ఆకుపచ్చ చారలు పడ్డాయి.

ఆవిడ చీర వంక చూసుకుంది, నా వంక చూసింది. వంగి గోటితో గీకింది. ఆకుపచ్చ ఊడి చాక్లెట్ రంగు కనబడింది. ఇంకాస్త గీకితే పాలిష్ కనబడింది. మూడు కంపెనీలూ ఆవిడ గోటి కిందికే వచ్చాయి. నాయుడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

ఆఫీసరు ఆవిడ పక్కకొచ్చి మెల్లగా అన్నాడు. "మేడం, ఇప్పుడు దీన్ని రద్దు చేస్తే ఈ ఏటి నిధులు వెనక్కి పోతాయి. మీ బడికి బెంచీలుండవు. ఆ పిల్ల సంగతి ఆలోచించుకోండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆవిడకేనా, నాకూ అంతే. రద్దు చెయ్యమని చెప్పెయ్యండి మేడం అనుకున్నాను. అంతలోనే, వద్దు, ఆ పిల్ల బడి మానేస్తుంది అనుకున్నాను.

"శాంపిల్లోనే ఇంత మోసముంటే వచ్చే బెంచీలెలా ఉంటాయి సార్?" అంది ఆవిడ. "అవి విరిగి పడితే ఆ పిల్లకి ఉన్న రెండో కాలూ పోతుంది. రద్దు చేసెయ్యండి."

టెండరు రద్దయింది. నాయుడి మీద కేసు పెట్టారు. నన్ను వస్తుసాక్ష్యమని స్టోరు గదిలో పెట్టి తాళం వేశారు. ఇక్కడ నాకు ఎలకలే తోడు. ఈపాటికి కొత్త బెంచీలు వచ్చే ఉంటాయి, వాటిలో గవరి ఏ వరసలో కూర్చుందో, కిటికీ పక్కన చోటు దొరికిందో లేదో అని రోజూ అదే ఆలోచన.

ఏడాది తిరిగాక తలుపు తెరిచారు. విచారణకు కొత్త ఆఫీసరొచ్చాడు, నన్ను గుర్తుపట్టడానికి ఇందుమతి మేడంని పిలిపించాడు. ఆవిడ నన్ను చూడగానే "ఇదే" అంది.

"మంచి పని చేశారు మేడం," అన్నాడాయన. "మళ్లీ పిలిచిన టెండర్లో మంచి బెంచీలొచ్చాయటగా?"

"వచ్చాయి సార్. గట్టివే."

"అయితే ఆ అమ్మాయికి ఇప్పుడు హాయిగా ఉందన్నమాట."

ఆవిడ అప్పుడు గోటితో గీకిన చోటు వేలితో తడిమింది.

"గవరి పోయినేడే, అవి రాకముందే మానేసింది సార్. జీడిపప్పు బట్టీలో పిక్కలు పగలగొట్టి పప్పు తీస్తోంది. ఇంటికెళ్లి పిలిచాను, రానంది. అక్కడ అందరూ నేల మీదే కూర్చుంటారట, కాలు చాపుకున్నా ఎవరూ ఏమీ అనరట."

ఆఫీసరు నా మీది దుమ్ము రుమాలుతో దులిపి, "కూర్చోండి మేడం" అన్నాడు. ఆవిడ కూర్చోలేదు. నిలబడే సంతకం పెట్టి వెళ్లిపోయింది.