ఎవరు మాట్లాడేది?

జగపతిని "నువ్వెవరు" అని ఎవరూ అడగరు. మహబూబాబాదులో అడగరు, మొగుళ్లపల్లిలో అడగరు. సొంతూరు దంతాలపల్లిలోనైతే ఆయన కారు చప్పుడు కుక్కలకు కూడా తెలుసు. అటువంటి మనిషిని పట్టుకుని, మొన్న మొన్న కొలువులో చేరిన పిల్ల ఒకతి, "మీరు జగపతి సారే అని నాకెట్ల తెలుస్తది?" అని ఫోన్‌లో అడిగింది. అడిగించుకుని ఊరుకునే రకమా ఆయన?

ఆ పిల్ల పేరు అమ్రీన్. కేసముద్రం మార్కెట్ యార్డు పక్కన తార్పాలిన్లు కుట్టే అక్తర్ కూతురు. రోజూ రైలెక్కి మహబూబాబాదుకు వచ్చి, జగపతి నడిపే ప్రైవేటు దవాఖానలో కంప్యూటర్ల భద్రత చూస్తుంది. ఇంకా పర్మనెంటు కాలేదు. పని నచ్చితేనే ఉంచుకుంటామన్నారు. ఈ కొలువు పోతే ఇంకోటి దొరకడం ఎంత కష్టమో ఆ పిల్లకు తెలుసు. అనుభవం లేనివాళ్లకు తమ తాళాలు అప్పగించేదెవరు?

డిగ్రీ అయ్యాక హనుమకొండలో ప్రియదర్శిని మేడం దగ్గర సెక్యూరిటీ కోర్సు చేసింది. దొంగల్ని పట్టే విద్య నేర్పుతారనుకుని వెళితే, మేడం నెలల తరబడి ఏ వైరు ఎక్కడికి పోతుంది, ఏ కంప్యూటరు దేనితో మాట్లాడుతుంది, మామూలు రోజున ఏం జరుగుతుంది, అదే చూపించింది. "మామూలు తెల్వనోళ్లకు తేడా తెల్వది" అనేది. ఇంకో మాట కూడా అనేది. "తాళం ఎవరైనా ఏస్తరు. తలుపు కొట్టినోణ్ని నువ్వెవరని అడుగుడే కష్టం." అమ్రీన్ అప్పుడు నవ్వింది. అడగడానికేం, నోరుంటే చాలదా అనుకుంది.

చాలదు. వాళ్లింట్లో పెద్దమనిషి గడప తొక్కితే ముందు "దా, కూసో" అనాలి. నీళ్లివ్వాలి, చాయ్ పెట్టాలి. ఎవరో ఏమో ఆయనంతట ఆయన చెప్పాలి గానీ మనం అడగకూడదు. అడిగితే అవమానించినట్టే. అలా పెరిగిన పిల్లకు నిన్న మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. వెనక పెళ్లి బ్యాండు మోగుతోంది.

"నేను జగపతిని. నా పాస్‌వర్డ్ మర్చిపోయిన. కొత్తది పెట్టి చెప్పు. మా వియ్యంకుని స్కానింగ్ చూడాలె."

"సార్, జర ఫోన్ పెట్టెయ్యున్రి. మీ నంబర్‌కు నేనే చేస్త."

"నా ఫోన్ల చార్జింగ్ లేదు. ఇది డ్రైవర్‌ది. నువ్వు చెప్పు."

గొంతు ఆయనదే. అయినా అమ్రీన్ ఆయన నంబరుకు చేసి చూసింది. స్విచాఫ్. మళ్లీ డ్రైవర్ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడు అడిగింది ఆ మాట. పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వలేదు.

మొగుళ్లపల్లి పెళ్లి పందిట్లో, విస్తళ్ల ముందు కూర్చున్న పెద్దమనుషుల మధ్య, జగపతి ముఖం కందగడ్డయింది. ఫోన్ డ్రైవర్ మీదికి విసిరి పందిరంతా వినేలా అరిచాడు. "నా దవాఖానల, నా పాస్‌వర్డ్, నన్నే ఎవలంటది. గదే మా కౌంటర్ కరుణ ఉంటే పేరు కూడ అడగకుంట ఇచ్చేది." నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ నోటిని ఎవడో కుర్రాడు వీడియో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాడు. పొద్దుగూకేసరికి జిల్లా అంతా చూసి నవ్వుకుంది.

అక్తర్ కూడా చూశాడు. ఆయనకు నవ్వు రాలేదు. ఈ కొలువు ఆయన జగపతిని బతిమాలి ఇప్పించింది. జగపతి పత్తి మిల్లుకు తార్పాలిన్లు కుట్టేది కూడా ఆయనే. తెల్లారగానే కూతుర్ని వెంటబెట్టుకుని దవాఖానకు వచ్చాడు.

"పెద్దమనిషిని పట్టుకుని ఎవలంటవా బేటా? మాఫీ అడుగు" అన్నాడు రైల్లో.

"తప్పు చేస్తే అడుగుత అబ్బా. గిది నా పని."

"పని ఉంటే గద, పని."

అమ్రీన్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ భయమే నిజమైంది. జగపతి కౌంటర్ దగ్గర నిలబడి, అందరి ముందూ చెప్పాడు. "నీ తెలివి నాకద్దు. తాళాలన్ని కరుణకు అప్పజెప్పి పో." అక్తర్‌తో మాత్రం మెత్తగా, "నువ్వు పైకి రా, చాయ్ తాగు" అని మేడ మీది గదికి తీసుకుపోయాడు.

కరుణ ముందు కౌంటర్‌లో పెద్ద దిక్కు. ఏళ్ల తరబడి అక్కడే పని. దవాఖాన కంప్యూటర్లన్నిటికీ తాళంచెవిలాంటి పాస్‌వర్డ్‌ను అమ్రీన్ ఆమె చెవిలో చెప్పింది. అంతే, ఉద్యోగం అయిపోయింది. కౌంటర్ వెనక ఉన్న తన టిఫిన్ డబ్బా, చున్నీ తీసుకోవడానికి వంగింది.

కౌంటర్ ఫోన్ మోగింది. కరుణ ఎత్తి, "ఆ సార్... ఆ సార్... చెప్తున్న సార్" అంది. చెప్పవలసింది చెప్పి, పెట్టేసింది.

"ఎవలక్కా?" అంది అమ్రీన్.

"సారే. పాస్‌వర్డ్ అడిగిండు, చెప్పిన."

"సారు మీదనే ఉన్నడు గద. దిగొచ్చి అడగొచ్చు గద?"

"మీదికెల్లే చేసిండు కావచ్చు."

"ఏ నంబర్‌కెల్లి?"

కరుణ చూపు తిప్పుకుంది. "నేనడగలే. నీకైంది చూసినంక ఎవలడుగుతరమ్మా?"

అమ్రీన్ మెట్లెక్కి పరుగెత్తింది. అద్దం తలుపులోంచి చూసింది. జగపతి చాయ్ తాగుతూ అక్తర్‌కు ఏదో చెబుతున్నాడు. ఆయన ఫోన్ మూలన చార్జింగ్‌లో ఉంది. ఆ గదిలో ఇంకో ఫోన్ లేదు.

దిగివచ్చి కరుణ కంప్యూటర్ ముందు నిలబడింది. ఎక్కడో కూర్చున్న ఎవడో దవాఖాన కంప్యూటర్లలోకి వచ్చి ఉన్నాడు. రోగుల రిపోర్టులు ఒకదాని వెనక ఒకటి బయటికి పోతున్నాయి. ఇంత పొద్దున ఇన్ని రిపోర్టులు ఎవరూ తెరవరని అమ్రీన్‌కు తెలుసు. రోజూ చూసింది కాబట్టి తెలుసు.

ఇప్పుడేం చెయ్యాలి? తనను తీసేశారు. ఈ కంప్యూటర్‌ను తాకడమే తప్పు. తన అంచనా తప్పయితే ఈసారి తనతో పోదు, పైన చాయ్ తాగుతున్న తండ్రి పని కూడా పోతుంది. ఊరుకుంటే ఎవరూ ఏమీ అనరు. తప్పు కరుణ మీదికి పోతుంది. ఊరుకుందామనే అనిపించింది ఒక్క క్షణం. అబద్ధమెందుకు?

"అక్కా, జరుగు."

తన పేరు మీదున్న లాగిన్‌తోనే లోపలికి వెళ్లింది. తలుపు తెరుచుకుంది. పిల్లను కొలువులోంచి తీసేశారు గానీ, కంప్యూటర్‌లోంచి తీసెయ్యాలని ఎవరికీ తట్టలేదు. ముందు బయటికి పోయే ఇంటర్నెట్ దారి మొత్తం తెంపింది. ఐసీయూ మిషన్లది వేరే లైను. చేరిన వారంలోనే నిచ్చెనెక్కి, దుమ్ము పూసుకుని, ఆ వైర్లన్నీ చూసుకుంది. వాటి జోలికి పోలేదు. తర్వాత లోపలున్న వాణ్ని గెంటేసి, పాస్‌వర్డ్ మార్చేసింది.

ల్యాబు, మందుల దుకాణం, బిల్లుల గది, అన్నిచోట్లా స్క్రీన్లు ఆగిపోయాయి. నర్సులు బయటికి వచ్చారు. వరుసలో నిలబడ్డవాళ్లు గొణుగుడు మొదలుపెట్టారు. జగపతి మెట్లు దిగి వచ్చాడు. ఆయన వెనక అక్తర్, చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉంది.

"ఎవలు బంద్ చేసిన్రు?"

"నేనే సార్."

"నిన్ను పొమ్మన్న గద."

"పొమ్మన్నరు సార్. కానీ మీ గొంతుతోటి ఎవడో కరుణక్కకు ఫోన్ చేసిండు."

"నా గొంతుతోటా?" ఆయన ముఖం మళ్లీ ఎర్రబడుతోంది. అక్తర్ కళ్లు మూసుకున్నాడు.

కౌంటర్ ఫోన్ మళ్లీ మోగింది. ఎవరూ కదల్లేదు. అమ్రీన్ స్పీకర్ నొక్కింది.

"కరుణా, ఏమైంది? అన్ని బంద్ అయినయి. కొత్త పాస్‌వర్డ్ చెప్పు. జల్ది చెప్పు, ఎవలు మీరని అడిగినవంటె నీ కొలువు ఊడుతది."

జగపతి గొంతు. అదే బరువు, అదే విసురు. జగపతి మాత్రం నోరు మూసుకుని కౌంటర్ ముందు నిలబడి ఉన్నాడు. వరుసలో ఉన్న ముసలవ్వ ఒకామె ఫోన్‌నూ ఆయననూ మార్చి మార్చి చూసింది. కరుణ ఫోన్ పెట్టేసింది.

జగపతి ఫోన్ వైపే చూస్తూ అడిగాడు. "నేను... గింత గట్టిగ మాట్లాడుతనా?"

అమ్రీనే చెప్పింది. "నిన్న పెళ్లిల మీరు అరిసిన వీడియో జిల్లంత తిరిగింది సార్. గొంతు అందుల దొరికింది, దాన్ని కంప్యూటర్‌తోటి అచ్చం మీలెక్క మాట్లాడిపిస్తరు. మీరు పాస్‌వర్డ్ ఫోన్ల అడుగుతరని, కరుణక్క అడగకుంట ఇస్తదని, అన్ని అందులనే దొరికినయి."

ఆయన కరుణ వైపు తిరిగాడు. కోపం ఎవరి మీదో ఒకరి మీద దిగాలి కదా. "మరి నువ్వన్న అడగొద్దా, ఎవలని?"

కరుణ ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి. ఇప్పుడు తల వంచుకునే చెప్పింది. "అడిగినామెను పొమ్మన్నరు గద సార్."

అక్తర్ చాయ్ గ్లాసు కౌంటర్ మీద పెట్టి, కూతురి పక్కకు వచ్చి నిలబడ్డాడు. మాఫీ అడుగు అనలేదు.

కొన్ని రిపోర్టులు పోయాయి, చాలా దక్కాయి. సైబర్ పోలీసులు వచ్చి రాసుకుని పోయారు. అమ్రీన్ చున్నీ సర్దుకుని బయల్దేరుతూ, "సార్, మనిషిని తీసేసినప్పుడు ముందుగాల ఆ మనిషి లాగిన్ బంద్ చెయ్యాలె. నాది ఇంక నడుస్తనే ఉంది" అంది.

"ఉండనియ్యి" అన్నాడు జగపతి గోడ వైపు చూస్తూ. క్షమించమని అనలేదు. అనే అలవాటు లేదు ఆయనకు.

మర్నాడు అమ్రీన్ తన కుర్చీలోనే ఉంది. మధ్యాహ్నం మళ్లీ కొత్త నంబరు. వెనక ట్రాక్టర్ల చప్పుడు. గొంతు జగపతిది. అమ్రీన్ నోరు తెరవబోయింది. అంతలో అవతలి గొంతే అంది, ఈసారి కాస్త నెమ్మదిగా.

"నేను జగపతిని. పెట్టేస్తున్న. నా నంబర్‌కు నువ్వే చెయ్యి బిడ్డా."