మూడో వ్యక్తి కంచం

కబురు వచ్చిన క్షణంలో నా పళ్లెంలో నాలుగు వంకాయలున్నాయి. నా ముల్లు రెండు వందల అరవై దగ్గర నిలబడింది. హైమ ఆ అంకెను పుస్తకంలో వేయబోతుంటే ఫోన్ మోగింది. అవతల ఫ్లోరెన్స్ మేడమ్, కాలేజీలో పోషకాహార శాస్త్రం చెప్పే అధ్యాపకురాలు. హైమ చివరిదాకా విన్నది. మాట్లాడింది మాత్రం "సరే మేడమ్, తప్పకుండా మేడమ్" అని, అంతే. ఫోన్ పెట్టేసి, వంకాయలతో సహా నన్ను ఎత్తి గుండెలకు హత్తుకుంది. నా ముల్లు గిర్రున తిరిగి ఎటో పోయింది. ఒక వంకాయ దొర్లి పొయ్యి కిందికి చేరింది.

నేనొక తూకం యంత్రాన్ని. పైన స్టీలు పళ్లెం, కింద రేకు పెట్టె, ముందు గడియారంలాంటి ముఖం. ఆ ముఖం మీద ఒకటే ముల్లు. రెండు కిలోల దాకా తూస్తాను, ఆ పైన నా వల్ల కాదు. ఇన్నేళ్లలో నా మీద మనుషులు పెట్టని వస్తువు లేదు గానీ, నన్నే ఎత్తి హత్తుకున్నది ఆ గురువారం సాయంత్రం హైమ ఒక్కతే.

అంత సంతోషం ఎందుకంటే, హైమకు పెళ్లయి అప్పటికి నలభై రోజులు. డిగ్రీ చివరి ఏడాది మధ్యలో పెళ్లి. పెళ్లికి, వ్రతానికి, చుట్టాల ఇళ్లలో విందులకు కలిపి ఇరవై రెండు రోజులు క్లాసులు పోయాయి. హాజరు తగ్గినవాళ్లను పరీక్షకు కూర్చోనివ్వరని నోటీసు పెట్టారు. ఏడాది పోయినట్టేనని పది రోజులుగా హైమ అన్నం సరిగ్గా తినలేదు. ఆ సంగతి నాకు అంకెలతో సహా తెలుసు. ఇప్పుడు కాలేజీవాళ్లు మన్నించారు. ఒక షరతు పెట్టారు. కుటుంబ ఆహార సర్వే సోమవారం పొద్దున్నకల్లా మేడమ్ బల్ల మీద ఉండాలి. ఒక ఇంటివాళ్లు మూడు రోజుల పాటు ఏం తిన్నారో తూచి, ఎవరికి ఎన్ని కేలరీలు, ఎంత మాంసకృత్తులు, ఎంత ఇనుము అందాయో లెక్కకట్టి రాయాలి. అది అందితే హాల్ టికెట్. లేకపోతే వచ్చే ఏడాది మళ్లీ మొదటికి.

ఆ సాయంత్రం హైమ భర్త భార్గవ్ మోటార్ల షాపు నుంచి మల్లెపూలతో, కాజాల పొట్లంతో వచ్చాడు. హైమ పూలు తలలో పెట్టుకుంది, కాజా నా మీద పెట్టింది. తొంభై గ్రాములు. ఒక్కోటీ దాదాపు నాలుగు వందల కేలరీలని చెప్పింది. భార్గవ్ రెండో కాజాను పొట్లంలోకి తిరిగి పంపాడు. ఆమె అటు తిరగ్గానే మళ్లీ పిలిపించుకున్నాడు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఎక్కడో ఉత్తరాన రేకుల షెడ్డులో రోజుకు రెండు వందల మందిమి పుట్టేవాళ్లం. ఒకాయన నా లోపల స్ప్రింగు బిగించి, కిలో గుండు పెట్టి చూసి, తల ఊపి పక్కకు నెట్టాడు. అదే నా బారసాల. లారీ ఎక్కి రాజమండ్రి వచ్చి ఒక మిఠాయి దుకాణంలో చేరాను. దుకాణదారు మంచివాడే. కాకపోతే మిఠాయిని అట్టపెట్టెతో సహా తూచేవాడు. పెట్టె అరవై గ్రాములు. అట్టను జీడిపప్పు ధరకు కొంటున్నామని తెలిసీ ఎవరూ నోరు తెరిచేవారు కారు. పండగ పూట గొడవెందుకని కాబోలు. నేను మాత్రం ఉన్నది ఉన్నట్టు చూపించాను. పెట్టెలో ఏముందో చెప్పడం నా పని కాదు కదా.

ఎర్ర అంకెలు వెలిగే కొత్త యంత్రం రాగానే ఆయన నన్ను ఆదివారం సంతకు పంపేశాడు. అక్కడ నన్ను నూర్జహాన్ అనే అమ్మాయి కొన్నది. పోషకాహారంలో డిగ్రీ చదివే పిల్ల. మూడేళ్లు ఆమె హాస్టల్ గదిలో అప్పడం ముక్కలు, అరటిపండు తొక్కలు, ఒకసారి పరీక్షల భయంతో ఊడిన తన జుట్టు కూడా తూచాను. చదువు అయ్యాక ఆమె నన్ను వీడ్కోలు సభ రోజున తన జూనియర్ హైమ చేతుల్లో పెట్టింది. ఆ విభాగంలో అదొక ఆనవాయితీ. సీనియర్ల యంత్రాలు జూనియర్లకే వెళ్లాలి. అలా నేను హైమ పెళ్లి సామానులో, పట్టుచీరల పక్కన, అత్తవారింటికి వచ్చాను.

ఆ ఇంట్లో ముగ్గురే. భార్గవ్, హైమ, భార్గవ్ తల్లి సత్యవేణిగారు. ఆవిడకు యాభై నాలుగేళ్లు. వంటిల్లు ఆవిడ రాజ్యం. వంటగట్టు మీద నాకు చోటివ్వడానికి మొదట ఒప్పుకోలేదు. కోడలు పప్పు తూచి పొయ్యి మీద పెడుతుంటే చూసి, ఇదేం కాపురమో, కందిపప్పుకు కూడా జాతకం చూస్తున్నారని పొరుగింటావిడతో అన్నది. అన్నదే గానీ, కారం డబ్బా జరిపి నాకు చోటు తనే చేసింది.

శుక్రవారం సర్వే మొదలైంది. పద్ధతి సులువే. బియ్యం పచ్చివి తూచాలి, అన్నమయ్యాక తూచాలి, ఎవరి కంచంలో ఎంత పడిందో తూచాలి. పొద్దున్నే వండినదంతా హైమ తూచి, తనకూ భర్తకూ క్యారేజీలు సర్దేది. వాటినీ తూచి రాసుకునేది. ఇద్దరూ తొమ్మిదిన్నరకు వెళ్లిపోయేవారు. గిన్నెల్లో మిగిలింది ఇంట్లో ఉన్న ఒక్క మనిషి కోసమే కదా. సాయంత్రం ఆమె వచ్చేసరికి గిన్నెలు తోమి బోర్లించి ఉండేవి. కాబట్టి హైమ ఒక తీసివేత వేసింది. వండిన దాంట్లోంచి రెండు క్యారేజీలు తీసేస్తే మిగిలింది అత్తయ్యగారు తిన్నది. రాత్రి భోజనానికీ అదే లెక్క. సత్యవేణిగారు ఇద్దరికీ వడ్డించి, నేను తర్వాత తింటాలే అనేది. హైమ రెండు కంచాలు తూచి, మిగతాది మూడో గడిలో వేసేది.

పుస్తకం చదివిన పిల్లలే చేయగల పొరపాటు అది. గిన్నెలోంచి పోయినదంతా ఒక నోట్లోకే పోయిందనుకోవడం.

నేను గట్టు మీదే ఉన్నాను. శుక్రవారం మధ్యాహ్నం ఏం జరిగిందో చూశాను. గిన్నెలు తోమే పోలమ్మ రాగానే సత్యవేణిగారు ఆమె డబ్బాలో సగం అన్నం, మీద పప్పు పోసింది. వీధి కుక్కకు పెరుగన్నం పెట్టింది. తనకు కంచం పెట్టుకోలేదు. కూర వండిన మూకుడులోనే నాలుగు ముద్దల అన్నం వేసి, అంచులకు అంటిన కారం తుడిచి కలుపుకొని, నిలబడే తినేసి, మూకుడు పోలమ్మ వైపు జరిపింది. నాలుగు అడుగుల దూరంలో నా పళ్లెం ఖాళీగా ఉంది. నాకు నోరు లేదు. ఉన్నది ముల్లు. పైన ఏదైనా పెడితే తప్ప అదీ పలకదు.

శనివారం రాత్రి హైమ లెక్కలు కట్టింది. భార్గవ్ గడిలో కేలరీలు కాస్త తక్కువ వచ్చాయి. హైమ గడిలో ఇంకా తక్కువ. సత్యవేణిగారి గడిలో రెండు వేల నూట యాభై. పట్టిక చూసి భార్గవ్, ఇంట్లో అసలు భోజనప్రియులెవరో ఇన్నాళ్లకు తెలిసిందని తల్లిని ఆటపట్టించాడు. ఆవిడ వాళ్లతో పాటు నవ్వింది. నవ్వుతూనే మేడ మీద ఆరేసిన బట్టలు తేవడానికి వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయింది. ఉక్కగా ఉందన్నది.

ఆదివారం హైమ ఇంట్లోనే ఉంది. పొద్దున్న సగం సర్వే అందంగా, రంగు పెన్నులతో, తప్పుల్లేకుండా రాసేసింది. మధ్యాహ్నం తను తిని, భర్తకు పెట్టి, ముందు గదిలో కూర్చుంది. కాసేపటికి, గీతలు గీసే స్కేలు మర్చిపోయిందని తీసుకోవడానికి వంటింట్లోకి వచ్చింది. సత్యవేణిగారు గట్టు దగ్గర నిలబడి మూకుడులో అన్నం కలుపుతోంది. పోలమ్మ తన డబ్బాకు మూత పెట్టుకుంటోంది.

 హైమ మెల్లగా వచ్చి, అత్తగారి చేతి కింద నుంచి మూకుడు తీసుకుని నా మీద పెట్టింది. ఆరు వందల నలభై. మూకుడు బరువు ఆమెకు తెలుసు, నాలుగు వందల అరవై. ఈ తీసివేత వేయడానికి కాగితం అక్కర్లేకపోయింది.

నూట ఎనభై గ్రాములు. ఆమె పుస్తకంలో ఆ పూట గడి కోసం పెన్సిలుతో నాలుగు వందల డెబ్బై అని వేసి ఉంది.

"రోజూ ఇంతేనా అత్తయ్యా?"

"ఆకలి ఉండొద్దేంటే? వండేసరికే వాసనకి కడుపు నిండిపోద్ది" అన్నది సత్యవేణిగారు, ఎంగిలి చెయ్యి గాల్లో పెట్టుకుని.

హైమ ఆవిడ గడ్డం పట్టుకుని, వేలితో కింది కనురెప్ప లాగి చూసింది. రెండో ఏడాది ప్రాక్టికల్స్‌లో నేర్చుకున్న పని. ఎర్రగా ఉండాల్సిన చోట పాలిపోయి ఉంది. క్లాసులో బొమ్మ మీద చూసిన తెలుపు అది. అప్పుడు మార్కుల కోసం రక్తహీనత అని పేరు చెప్పింది, ఇప్పుడు చేతిలో ఉన్నది అత్తగారి ముఖం.

ముందు గదిలోకి వెళ్లి రంగు పెన్నుల పేజీలన్నీ చింపేసింది. భార్గవ్ కంగారుపడ్డాడు. రేపు పొద్దున్నకి ఇవ్వాలి కదా, మేడమ్‌కి ఈ మూకుడు సంగతి ఎలా తెలుస్తుంది, ఇచ్చెయ్, అమ్మను తర్వాత చూసుకుందాం అన్నాడు. ఆమె ఏడాది గురించే అతని భయం.  ఆ పైన అతనే ఇంకో తప్పు కూడా ఉందని నసిగాడు. శుక్ర, శని సాయంత్రాలు షాపు దగ్గర రెండేసి ప్లేట్లు మిరపకాయ బజ్జీలు తిన్నాడట. కాజాల నాటి నుంచి చెప్పాలంటే భయమట. హైమకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది.

ఫోన్ తీసుకుని వంటింట్లోకి వచ్చి మేడమ్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె రెండో చెయ్యి నా పళ్లెం మీదే ఉంది.  

"నా దగ్గరకొచ్చే సర్వేల్లో ఇంటి ఇల్లాలి అంకె ఎప్పుడూ చక్కగా ఉంటుందమ్మా" అన్నది ఫ్లోరెన్స్ మేడమ్. "వాళ్ల కంచం తూచామని మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. హాల్ టికెట్ల జాబితా గురువారం పొద్దున్న పంపిస్తాను. బుధవారం రాత్రి ఎంతసేపైనా మేలుకుని చూస్తా. ఆ పైన నా చేతుల్లో లేదు."

మూడు రోజులు. సోమ, మంగళ, బుధ. ఒక్క పూట తప్పినా ఏడాది పోయినట్టే. ఇక ఒప్పుకోవాల్సింది సత్యవేణిగారు. ఆవిడ ఒప్పుకోలేదు. వంటింటి గడపలో కూర్చుని, కొంగు వేలికి చుట్టుకుంటూ, అసలు మాట అప్పుడు బయటపెట్టింది.

"ఈ ఇంట్లో నాకు తిండి పెట్టట్లేదని కాలేజీలో రాస్తావా అమ్మాయ్? నా కొడుకు పరువేం కాను?"

హైమ పక్కనే నేల మీద కూర్చుంది. పేర్లు ఉండవని, ఆవిడ గడి మీద 'మూడో వ్యక్తి' అని మాత్రమే ఉంటుందని నచ్చచెప్పింది. చింపిన కాగితం ముక్కల్లోంచి పట్టిక వెతికి చూపించింది. సత్యవేణిగారు దాన్ని దూరంగా పట్టుకుని చదివింది.

"మూడో వ్యక్తేంటి? ఈ వంటింట్లో ముందు అడుగు పెట్టింది నేను. నిన్నగాక మొన్న వచ్చినదానివి, నువ్వు రెండో వ్యక్తివా?"

భార్గవ్ నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. హైమ కొత్త కాగితం తీసి, గళ్లు గీసి, మొదటి గడి పైన 'మొదటి వ్యక్తి' అని రాసి అత్తగారికి చూపించింది. ఆవిడ అక్షరం అక్షరం చూసి, కాగితం తిరిగిచ్చి, లేచి కొంగు దులుపుకుంది. పాత సామాన్ల అల్మారా తెరిచి, అడుగున ఉన్న ఒక స్టీలు కంచం బయటకు లాగింది. అంచున ఆవిడ పేరు చెక్కి ఉంది. ఆవిడ పెళ్లికి ఎవరో ఇచ్చినదట, చింతపండు నానబెట్టడానికే వాడుకుందట. కడిగి, తుడిచి, తనే తెచ్చి నా పళ్లెం మీద పెట్టింది. మూడు వందల పది గ్రాములు. ఖాళీ కంచం బరువు ముందు రాసుకోవాలని ఇన్నాళ్లూ కోడల్ని చూసి నేర్చుకున్నట్టుంది.

"పొద్దున్న పెసరట్లు వేస్తాను, మధ్యాహ్నం తోటకూర పప్పు" అన్నది. "పోలమ్మకి వేరే గిద్దెడు బియ్యం పొయ్యాలి, అవి నా లెక్కలో కలపకు. రేపు ముగ్గురం ఒకేసారి కూర్చుందాం. ముందు నా కంచమే తూచు."