ట్రే లేని ఫ్యాను

ఏలూరు కొత్త బస్టాండు దగ్గర తాతారావు గారి హోటల్లో వరదానం తొమ్మిదేళ్లుగా సూపర్‌వైజరు. కరెంటు, నీళ్లు, గ్యాసు, వంటింటి పొగ గొట్టాలు అన్నీ అతనే చూసుకోవాలి. రెండు వేల ఏడు ఆగస్టులో ఒక సోమవారం పొద్దున టేపు, కాగితం పట్టుకుని డాబా ఎక్కాడు. పొగ ఫ్యాను బాగోగులు కాంట్రాక్టుకి తీసుకున్న విజయవాడ కంపెనీకి సర్వీసు రిక్వెస్టు రాసి ఫ్యాక్సు చెయ్యాలి.

వంటింటి పొగను పైకి లాగే పెద్ద ఫ్యాను ఆ డాబా మీదే ఉంది. పొగతో పాటు వచ్చే నూనె దాని అంచుల్లోంచి కారుతూ ఉంటుంది. దాన్ని పట్టడానికి కింద ఒక రేకు ట్రే ఉండాలి. ఇప్పుడు లేదు. శనివారం టేబుల్ గుడ్డలు ఆరెయ్యడానికి పైకొచ్చిన పనామె సత్యవేణి ఆ జిడ్డు మీద జారి పడి, కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

వరదానం ఫ్యాను దగ్గర్నుంచి పిట్టగోడ వైపు కొలిచాడు. ఏడడుగుల మేర జిడ్డు పాకింది. వాన పడ్డప్పుడల్లా తూము దాకా పోయినట్టుంది, సిమెంటు నల్లబడింది. మధ్యలో, నలిగిన గోనె పక్కన, సత్యవేణి జారిన గీత మూరెడు పొడవున ఇంకా కనిపిస్తోంది. దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడిచి కిందికి దిగాడు.

కంపెనీ ఫారంలో ఫ్యాను సైజు రాశాడు. రోజుకి ఎన్ని గంటలు తిరుగుతుందో, జిడ్డు ఎంత దూరం పాకిందో రాశాడు. తర్వాత 'సమస్య మొదట ఎప్పుడు గమనించారు?' అని ఉంది. దాని కింద 'ట్రే ప్రస్తుత స్థితి'. అక్కడ పెన్ను ఆగిపోయింది.

జూన్‌లో ట్రే అడుగు తుప్పు పట్టి చిల్లు పడింది. నిండిన ట్రేని ఎత్తి పారబోయడమంటే అతనికి మొదటినుంచీ అసహ్యమే. ఇదే అదనని ఊడదీసి పాత సామాన్ల గదిలో పడేశాడు. దాని చోట ఒక గోనె పరిచి, రేపు కంపెనీకి ఫోను చేద్దామనుకున్నాడు. అలా రెండు నెలలు గడిచాయి. మధ్యలో సత్యవేణి వచ్చి, "పైన జారుతోందండి" అని చెప్పింది కూడా. "ఊక చల్లిస్తాలే" అన్నాడు. చల్లించలేదు.

తాతారావు గారు వచ్చి కాగితం అందుకున్నారు.

"ట్రే ఏమైందండి?" అని అడిగారు.

"తుప్పు పట్టిందండి."

"అంటే దానంతటదే ఊడిపోయింది."

వరదానం "అవునండి" అన్నాడు.

"అలాగే రాయండి. శనివారమే చూశామని పెట్టండి. కాంట్రాక్టు కింద కంపెనీ వాళ్లే కొత్తది వేస్తారు."

అలాగే రాశాడు. ప్రమాదం ఎలా జరిగిందో రాయాల్సిన గడి ఒక్కటే మిగిలింది. అది అడగడానికి ప్రభుత్వాసుపత్రికి వెళ్లాడు.

సత్యవేణిది కొల్లేరు లంక ఊరు. చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేశాక అక్కడ పని లేక, ఏడాది కిందటే ఏలూరు వచ్చింది. అతన్ని చూడగానే మంచం మీద లేచి కూర్చోబోయింది.

"పడుకోమ్మా. కంపెనీకి రాయాలి, ఎలా పడ్డావో చెప్తావని వచ్చాను."

"నాదేనండి తప్పు. పక్కనుంచే పోదామనుకున్నాను. మీరు గోనె వేశారు గదా, దాని మీదైతే జారదని ధైర్యంగా అడుగేశానండి. గోనెతో సహా పోయాను."

వరదానం రాయలేకపోయాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పక్క మంచం వాళ్లు మాట్లాడుకోవడం ఆపేదాకా కూడా ఆగలేదు.

"ఆ ట్రే నేనే తీసేశాను సత్యవేణీ. జూన్‌లో. అది ఎత్తలేక తీసేశాను. గోనె నీకోసం వెయ్యలేదు, జిడ్డు కనపడకుండా ఉంటుందని వేశాను."

ఆమె కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి తీసుకుంది.

"తీస్తే తీశారు. నేను చెప్పినప్పుడైనా పెట్టించొచ్చు గదండి" అంది.

మనసులో పెట్టుకోవద్దని అడుగుదామనుకున్నాడు గానీ అడక్కుండానే బయటికి నడిచాడు.

హోటలుకి తిరిగొచ్చి కొత్త ఫారం తీశాడు. ట్రే జూన్‌లో తానే తీసేసినట్టు, జారుతోందని పనామె చెప్పినా పట్టించుకోనట్టు, గోనె మీద అడుగేసి ఆమె పడినట్టు రాసి సంతకం పెట్టాడు. ముందు తాతారావు గారికి చూపించాడు. ఆయన రెండుసార్లు చదివారు.

"పొద్దున నాతో అవునన్నారు" అన్నారు.

"అబద్ధం చెప్పానండి."

ఆయన కాగితం బల్ల మీద పెట్టి లేచి వెళ్లిపోయారు. పంపమనలేదు, వద్దనలేదు. వరదానం బజారుకెళ్లి ఫ్యాక్సు చేశాడు.

గురువారం కంపెనీ మనిషి వచ్చాడు. మీరు తీసేసింది కాబట్టి కాంట్రాక్టులోకి రాదని చెప్పి, హోటలు ఖర్చు మీదే పెద్ద ట్రే బిగించి, దానికో గొట్టం పెట్టి కింద డబ్బాలోకి వదిలాడు. తాతారావు గారు డాబా పనులు వేరే అతనికి అప్పగించి, వరదానాన్ని సరుకుల గదికి మార్చారు.

అక్టోబరులో సత్యవేణి తిరిగొచ్చింది. మణికట్టు పూర్తిగా తిరగదు, గుడ్డలు పిండలేదు. సరుకుల గదిలోనే బియ్యం, పప్పులు ఏరే పని ఇచ్చారు. ఎడమ చేత్తో నెమ్మదిగా ఏరుతుంది. వరదానం బస్తాలు తెచ్చి పక్కన పెడితే, "ఉంచండి" అంటుంది, ఎప్పటిలాగే మర్యాదగా. కాటా పనిచెయ్యకపోయినా, బియ్యంలో పురుగు కనిపించినా, అతనితో అనదు. లేచి తాతారావు గారి దగ్గరికి వెళ్లి చెప్పి వస్తుంది.